మూడో రేవు పడిన మర్నాడు

ట్రాయ్ ఊళ్లోని మా తెలుగు చర్చి సంఘంలో ఒక పద్ధతి ఉంది. ప్రతి ఆదివారం ప్రార్థన మనవుల కాగితం చదువుతారు. మనవి నెరవేరిందంటే ఆ పేరు కొట్టేసి, సంబంధించినవాళ్లను లేపి సాక్ష్యం చెప్పిస్తారు. ఆ పద్ధతి మీద నాకు గౌరవమే. దాన్ని నా మీద వాడిన తీరును మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

మా తమ్ముడు సరుకు ఓడలో ఇంజనీరు. యుద్ధం వచ్చేసరికి వాడి ఓడ ఒక రేవులో చిక్కుకుపోయింది. ఆ తీరంలో మూడు రేవులు ఒక సైన్యం చేతిలో ఉంటే, ఎదుటి సైన్యం ఒక్కొక్కటే పట్టుకుంటూ వస్తోంది. మావాడున్నది మూడోది. వాడు క్షేమంగా బయటపడాలని మనవి రాసిచ్చాను; ఎదుటి సైన్యం ఆ రేవు పట్టుకుంటే చాలు, వాడు బయటపడ్డట్టేనని సంఘంలో అనుకున్నారు.

మా సంఘ పెద్ద రోజూ వాట్సాప్ గ్రూప్‌లో ఆ తీరం మ్యాప్ పెట్టేవారు. మొదటి రేవు పడిన రోజున ‘ఒకటి అయింది, ఇంకా రెండే’ అని రాశారు. పద్నాలుగు మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఎవరెవరో నాకు గుర్తే. రేవు పడాలంటే ముందు దాని మీద బాంబులు పడతాయని, వాటికి మా తమ్ముడి ఓడ వేరుగా కనపడదని రాశాను. మర్నాడు మళ్లీ మ్యాపే వచ్చింది.

మూడోది శనివారం పడింది. మర్నాడు ఆయన మైక్ పట్టుకుని, “సిస్టర్ వాళ్ల బ్రదర్ ఉన్న పోర్ట్ క్యాప్చర్ అయింది. దేవుడు జవాబిచ్చాడు. లేచి సాక్ష్యం చెప్పండి సిస్టర్” అన్నారు.

నేను లేవలేదు. “వాడింకా ఫోన్ చేయలేదండి. చేశాక చెప్తాను.”

“అంత డౌట్ ఉంటే ప్రేయర్ ఎందుకు అడిగారమ్మా?”

కొందరు నవ్వారు. తమ్ముడి పేరు కొట్టేశారు. భోజనాల దగ్గర ఆయన భార్య బిర్యానీ వడ్డిస్తూ, నాకు విశ్వాసం తక్కువని అందరికీ వినపడేలా చెప్పింది.

పదకొండో రోజున తమ్ముడు ఫోన్ చేశాడు. ఓడ సగం కాలిపోయిందట. కొత్తగా వచ్చిన సైన్యం అందరి పాస్‌పోర్టులు తీసేసుకుందట. ఎప్పుడు వదులుతారో తెలియదట.

“చర్చిలో మాకోసం ప్రేయర్ చేస్తున్నారా అక్కా?”

“చేస్తున్నారురా” అన్నాను. వాడికి నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఆ రోజు చెప్పించింది సంఘంవాళ్లు.

ఆ ఆదివారం వాడి పేరు మళ్లీ రాసిచ్చాను. ఇది అయిపోయిన మనవి కదా అన్నారు పెద్ద. మైక్ అడిగితే ఇవ్వలేదు. తమ్ముడికి నేను చెప్పింది నిజం కావాలి గనక, ఉన్నచోటనే లేచి నిలబడి ఆ ఓడలోని వాళ్లందరికోసం ప్రార్థన మొదలుపెట్టాను. కళ్లు మాత్రం మూసుకోలేదు. ఆమెన్ ఎవరు అంటారో, ఎవరు అనరో చూడాలి నేను.