బావమరిది కెమెరా

ఫోటో స్టూడియో ఆయనకు బావమరిది కెమెరా చూసి కన్ను కుట్టింది. రెండూ లోపల అద్దం లేని కొత్తరకం మిర్రర్‌లెస్ కెమెరాలే. తనది స్టాండెక్కి దర్జాగా కూర్చుని, కనురెప్పల వెంట్రుకలతో సహా ముఖాన్ని పట్టేస్తుంది. బావమరిదిది అరచేతిలో ఇమిడిపోతుంది, చప్పుడు చెయ్యదు. వీధిలో జనాన్ని వాళ్లకు తెలియకుండా తీయడానికి బాగుంటుంది. "పెద్దది చేస్తే బొమ్మంతా ఇసక చల్లినట్టుంటుందోయ్" అని ఆయన మూతి విరిచేవాడు. కానీ అందులో తన భార్య పగలబడి నవ్వుతున్న ఫోటో చూసిన రోజు ఆయనకు అన్నం సయించలేదు. ఇన్నేళ్ల కాపురంలో తన కెమెరా ముందు ఆమె ఒక్కసారి కూడా అలా నవ్వలేదు.

ఆదివారం ఆ కెమెరా అడిగి తీసుకున్నాడు. వంటగదిలో అక్కాతమ్ముళ్లు చిన్ననాటి సంగతేదో తలచుకుని విరగబడి నవ్వుతున్నారు. ఆయన పిల్లిలా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె నవ్వు తెర నిండా ఉంది. నొక్కబోతూ, నోరు ఊరుకోక, "గడ్డం కాస్త కిందికి" అన్నాడు.

ఆమె ఉలిక్కిపడి గరిటె పక్కన పెట్టింది, జుట్టు సర్దుకుంది, గడ్డం దించి బొమ్మలా బిగుసుకుంది.

"దానికి నోరు లేదనే కొన్నాను బావా, నువ్వు నీది అరువిచ్చావు!" అన్నాడు తమ్ముడు.

ఆయనకు నవ్వు రాలేదు. ఆమె కదలకుండా, పెదవులు మాత్రమే ఆడిస్తూ అడిగింది: "ఇంత చాలా అండీ, ఇంకా దించాలా?"