వణికే కారు

కొత్తగ ఎయిర్‌పోర్ట్ వచ్చిన దినాలు. మంఖాల్ ఊర్ల మా ఇంటి ముందు పాత కారు స్టార్ట్ చేస్తే, చలిజ్వరమొచ్చినట్టు వణికేది. మా ఆయన రేస్ మీదికెల్లి కాలు తీసిండో, బంద్ పడేది. నాకేమో నెలలు నిండినయ్. నొప్పులొస్తే శంషాబాద్ దవాఖానకు పోవాల్సింది గా కార్లనే. నడిమిట్ల బంద్ పడితే నా గతేంది?

"రేస్ జర పెంచిన, ఇగ ఏం గాదు," అనేటోడు మా ఆయన. రేస్ పెంచే స్క్రూ తిప్పుడొక్కటే ఆయనకొచ్చిన వైద్యం. తెల్లారితే మళ్ల గదే కథ.

ఒకనాడు నాకు ఒళ్లు మండింది. "స్క్రూ ఇడిశిపెట్టయ్యా! సుయ్యిమంటున్నది, ఇనవడ్తలేదా?" అని పొట్ట పట్టుకోని బానెట్ లోపలికి వంగిన. ఇంజన్‌కెల్లి బ్రేకుకు పోయే లావు పైపు కాడ ఆ సప్పుడు. గుడ్డతోని గట్టిగ పిసికితే వణుకుడు ఆగింది. ఇడిస్తే మళ్ల మొదలు. పైపు పగిలి గాలి గుంజుతున్నది. అమ్మ దొంగా, దొరికినవ్ అనుకున్న.

"కొత్త పైపు తే," అన్న. ఆయనకు ఓపికేది? పైపు ఊడబీకి, ఇంజన్ దిక్కు బొక్కకు రబ్బరు బిరడా కొట్టిండు. ఇంజన్ ఎంత సల్లగ నడిచిందో! ఆయన మీసం తిప్పిండు. నేను గూడ నవ్విన.

గా వారంలనే, కారు ఇంక రోడ్డెక్కకముందే, పొద్దుగాల నొప్పులు మొదలైనయ్. ఎయిర్‌పోర్ట్ పక్క రోడ్డు మీద ఉరికిస్తున్నడు. ముందట గొర్ల మంద రోడ్డెక్కింది. ఆయన బ్రేకు తొక్కిండు. సీట్లకెల్లి లేచి మరీ తొక్కిండు. పెడల్ బండ లెక్క బిగుసుకపోయింది.

"ఆగుతలేదే!"

రెండు చేతుల హ్యాండ్‌బ్రేక్ గుంజిన. కారు అడ్డం తిరిగి, గొర్ల ముందట జానెడు దూరంల ఆగింది. గొర్ల కాపరి తిట్టిన తిట్టు తిట్టకుండ తిడుతున్నడు. మా ఆయన దిగి బానెట్ లేపిండు.

"ఇంజన్ మంచిగనే నడిచె గదనే..."

"గిప్పుడు సమజైంది, బ్రేకుకు బలమిచ్చేదే గా పైపు! మళ్ల పెట్టు."

"పెడితే మళ్ల బంద్ పడతది."

"పడనియ్యి! బంద్ పడ్డ కార్లనన్న కంట గని, బ్రేకు లేని కార్ల రాను."

డిక్కీల పడేసిన పాత పైపు తీసి, పగిలిన కాడ సైకిల్ ట్యూబు ముక్క చుట్టి పెట్టిండు. కారు వణుక్కుంట, నేను ఒర్లుకుంట దవాఖాన చేరినం.

పొద్దు గూకినంక బిడ్డను చూడనీకి వచ్చిండు. చేతిల మిఠాయి లేదు, కొత్త పైపున్నది. నాకు ఏడుపాగలేదు.