రెండున్నర గంటలు వెనక్కి

కంప్యూటర్‌కు దయ్యం పట్టిందని ఎవరైనా అంటే, ముందు ప్లగ్గు సరిగ్గా పెట్టారో లేదో చూడమనే మనిషిని నేను. జగిత్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూస్తాను. దయ్యాలను, దిష్టిని ఏనాడూ లెక్కచేయలేదు. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది పెగడపల్లి దగ్గర ఊరు. నాన్న తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. అన్న మాత్రం చెట్టు జోలికి పోకుండా తోట పనికి సౌదీ వెళ్లాడు. ఇంట్లో నేను, నా భార్య, వదిన.

ముందు గదిలో ఉన్న కంప్యూటర్ అన్న పంపిన డబ్బుతో కొన్నదే. ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు దాన్ని సౌదీ టైముకు పెట్టి వెళ్లాడు. మా వైపు గల్ఫ్ ఇళ్లలో ఏదో ఒక గడియారం అట్లా ఉంటుంది. మనిషి డ్యూటీ దిగాడా, అన్నం తిన్నాడా అని అడక్కుండానే తెలుస్తుంది. వదిన చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ, స్క్రీన్ మూలన ఉన్న ఆ అంకెల వైపే చూసేది. ఆమె చుట్టినంతసేపూ అది ఆన్‌లో ఉండాల్సిందే. కరెంటు బిల్లు వచ్చినప్పుడల్లా నేను సణిగేవాణ్ణి.

జీతం ఇవ్వక సతాయిస్తుంటే అన్న యజమానిని వదిలేసి బయటపడ్డాడు. అట్లాంటివాళ్లను మా దగ్గర ఖల్లివెల్లి అంటారు. చేతిలో పాస్‌పోర్టు ఉండదు, ఎక్కడ ఉంటున్నారో ఎవరికీ తెలియదు. కొన్నాళ్లకు ఫోను రావడం ఆగిపోయింది.

అన్న జాడ కోసం మూడు నెలలు తిరిగాం. అన్నతో పనిచేసినవాళ్లకు ఫొటోలు, ఎంబసీకి మెయిళ్లు, అన్నీ నేనే పంపాలి. ఆ కంప్యూటర్ ఆన్ కావడానికే పావుగంట పట్టేది. పాస్‌పోర్టు కాపీ తెరవబోతే తెల్లమొహం వేసేది. విసుగొచ్చి కోరుట్లలో తెలిసిన షాపుకు తీసుకెళ్లాను. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డి వేయించాను, ర్యామ్ పెంచాను, టైము నిలిపే బోర్డు మీది సెల్లు కూడా మార్పించాను. విండోస్ కొత్తగా ఎక్కించి, ఇండియా టైము నా చేత్తో నేనే పెట్టాను. పాత డిస్క్ తెచ్చి బీరువాలో పడేశాను.

ఇంట్లో అది అర నిమిషంలో ఆన్ అయింది. ఇక పని జరుగుతుందని కాస్త ధైర్యం వచ్చింది.

మర్నాడు పొద్దున కాలేజీకి బయలుదేరుతూ చూశాను. గోడ గడియారంలో ఎనిమిదిన్నర. కంప్యూటర్‌లో ఆరు.

సరిచేశాను. తెల్లారి మళ్లీ అంతే. వదినకు మౌసు పట్టుకోవడమే రాదు. అయినా పాస్‌వర్డ్ మార్చాను, ఇంటర్నెట్ వైరు పీకేశాను, సెల్లు ఇంకోటి వేశాను, విండోస్ మళ్లీ ఎక్కించాను. సెల్లు చెడితే టైము ఏదో పాత సంవత్సరానికి పోతుంది గానీ, ప్రతిసారీ సరిగ్గా రెండున్నర గంటలే వెనక్కి పోదు. కోరుట్ల షాపాయన రెండు రోజులు తన దగ్గర పెట్టుకుని చూశాడు. అక్కడ ఒక్క నిమిషం తేడా రాలేదు.

"మిషన్ మంచిగనే ఉన్నది సార్. మీ ఇంట్ల కరెంటు చూపించుకో" అన్నాడు.

వదిన మాత్రం ఆ టైము చూసి ఎన్నాళ్లకో నవ్వింది.

"మీ అన్న యాడనో ఉన్నడు తమ్మీ. లేకుంటె గా టైము గట్లెందుకు తిరుగుతది?"

ఆ మాటను అక్కడే కొట్టిపారేయాల్సింది. లోపల్లోపల నేనూ నమ్మాను. టైము సరిచేయడం మానేశాను. దరఖాస్తులు పట్టుకుని కలెక్టరాఫీసుకు పోవడమూ మానేశాను. గల్ఫ్‌లో తప్పిపోయినవాళ్ల కోసం తిరిగే ఒక పెద్దమనిషి సిరిసిల్లలో ఉన్నాడు. సౌదీ ఆసుపత్రుల్లో కూడా వెతికిద్దాం, పాస్‌పోర్టు కాపీ మెయిల్ చేయమన్నాడు. ఆసుపత్రి అంటే శవాల గది అని అర్థమై నాకు ఒళ్లు మండింది. బతికున్న మనిషిని అక్కడెందుకు వెతకాలి? పంపలేదు. మెయిళ్ల కోసం బాగుచేయించిన కంప్యూటర్ అర నిమిషంలో ఆన్ అయ్యేది. నేను టైము చూసి ఆపేసేవాణ్ణి.

దీపావళి దాటాక ఆ పెద్దమనిషే ఫోన్ చేశాడు. మా పాత దరఖాస్తులోని వివరాలతో వెతికిస్తే, అన్న ఒక మార్చురీలో దొరికాడు. ఫోను ఆగిన వారానికే పోయాడని కాగితంలో రాసి ఉంది. అంటే నేను ఎస్‌ఎస్‌డి వేయించేనాటికే అన్న లేడు. ఆ గడియారం వెనక్కి తిరిగిన ప్రతి పొద్దున అన్న ఆ ఫ్రీజరులో పేరు లేకుండా ఉన్నాడు. ఒక్క మెయిల్ పంపి ఉంటే నెలల ముందే ఇంటికి వచ్చేవాడు. ఈ మాట వదినకు ఇంతవరకూ చెప్పలేదు. చెప్పే ధైర్యం నాకు లేదు.

పెట్టె వచ్చింది. ఊరి చివర కార్యం అయింది. మర్నాటి నుంచి కంప్యూటర్ ఇండియా టైమే చూపిస్తోంది. వదిన అడిగితే నేనే సౌదీ టైముకు మార్చి చూశాను. తెల్లారి ఎనిమిదిన్నరకు ఎనిమిదిన్నరే ఉంది. ఎన్నిసార్లు మార్చినా అంతే.

ఇది ఎట్లా జరిగిందంటే నా చదువులో జవాబు లేదు. ఆ టైముతో అన్న బతికున్నానని చెప్పలేదేమో, ఇంకా ఇక్కడే పడి ఉన్నాను, వచ్చి తీసుకుపొమ్మని అడిగాడేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. నమ్మనివాడికి రావాల్సిన ఆలోచన కాదు. కానీ వస్తుంది.

వదిన ఇప్పటికీ సాయంత్రం అక్కడే కూర్చుని బీడీలు చుడుతుంది. "ఆడ ఎంతయింది తమ్మీ?" అంటుంది. స్క్రీన్ మీద ఏడున్నర ఉంటుంది. నేను మనసులో రెండున్నర తీసేసి, "అయిదయింది వదినా" అంటాను.

అన్న డ్యూటీ దిగే టైము.