నేను మూయించిన తూము

నేను ఒకచోట కూర్చోలేను. కాలు కాలిన పిల్లిలా తిరుగుతుందని మా అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. కర్నూలు అంచున, పారిశ్రామికవాడలో ఉన్న మా వేరుశనగ షెడ్డు బాధ్యత నా నెత్తిన పడింది కూడా ఆ తిరుగుడు వల్లే. రైతులు కాయలు తెస్తే ఒలిచి, పుచ్చులు ఏరి, విత్తనం చేసి ఇవ్వడం మా పని.

వరుసగా కరువులొచ్చిన ఏళ్లవి. షెడ్డులో బోరు ఎండిపోయింది. పైనుంచి పడిన చుక్క ఒక్కటి బయటికి పోతే ఒట్టు అని పంతం పట్టి, కంచె వెంబడి మోకాలెత్తు కట్ట పోయించాను. వెనకవైపు వాననీళ్లు బయటికి పోయే తూము ఉండేది. దాన్ని రాళ్లు పెట్టి సిమెంటుతో మూయించాను. పక్క షెడ్డు ఆయన చూసి, "ఇది వానొస్తే వంక పారే తావు తల్లీ, తూము ముయ్యొద్దు" అన్నాడు.

"వంకలో నీళ్లు చూసి ఎన్నేండ్లాయప్పా? ఆ పారేదేదో నా బోరుకే పారనీ!" అని కసిరాను. తర్వాత ఆయనా కట్ట పోయించాడు. వరసలో మిగతావాళ్లూ పోయించారు. నాకు భలే గర్వంగా ఉండేది.

తొలకరి ముందు ఒక మధ్యాహ్నం, కోడుమూరు వైపు నుంచి ఒక పెద్దాయన తన విత్తనం తీసుకుపోవడానికి వచ్చాడు. ఆయనా, తమ్ముళ్లూ ఇంట్లో తినకుండా దాచుకున్న కాయలవి. అవి పాడైతే ఆ ఏడు వాళ్ల చేలు బీడే. గోతాలు సిద్ధంగా ఉన్నాయి గానీ లారీ ఊరికి అవతల ఆగిపోయింది. పగటిపూట లారీలను ఊళ్లోకి రానివ్వరు.

"ఏమమ్మా, లారీ యాడ ఉండాది?"

"ఊరవతలే ఉండాది పెద్దాయనా. పోలీసోళ్లు ఇడిసిపెట్టలేదంట."

పావుగంటకోసారి ఆయన అడిగేవాడు, నేను డ్రైవరుకు ఫోను చేసేదాన్ని. మధ్యలో గేటు దాకా పోయి రావడం.

అంతలో మబ్బు కమ్మింది. తొలి చినుకులకు ఇద్దరమూ బయటికి పరుగెత్తాం. పెద్దాయన తలగుడ్డ తీసేసి, మొహం పైకెత్తి, "వచ్చె తల్లీ, వచ్చె!" అన్నాడు. నేనూ చిన్నపిల్లలా నవ్వాను.

గంట తిరగకుండానే వంక పొంగింది. షెడ్లన్నిటికీ కట్టలే, నీళ్లకు దారేదీ? రోడ్డెక్కి, మా గేటులోంచి లోపలికొచ్చాయి. వచ్చినవాటిని నా కట్ట గిన్నెలో పట్టినట్టు పట్టి ఉంచింది. గోతాలేమో నేలమీదే ఉన్నాయి. మా సీమలో సరుకు కింద చెక్కలు ఎవరేస్తారు, తడి అంటూ ఉంటే కదా!

పనివాళ్లతో కలిసి గోతాలను బల్లల మీదికి, మిషను మీదికి ఎక్కించాం. కింది వరస అప్పటికే తడిసిపోయింది. నాకు ఏడుపొచ్చింది, నా మీద నాకే ఒళ్లు మండింది. గడ్డపార తీసుకుని తూముకు పెట్టించిన సిమెంటును పొడిచాను. పెద్దాయన వచ్చి గడ్డపార అందుకుని గట్టిగా నాలుగు పోట్లు పొడిచాడు. నీళ్లు బుసకొడుతూ బయటపడ్డాయి. "శానా మొండిదానివమ్మా" అని మెచ్చుకున్నాడు. దాన్ని మూసిందెవరో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

తడిసిన గింజ ఆ వాన పదునులో వెంటనే నేలలో పడితే మొలుస్తుంది. గోతంలోనే ఉంటే కుళ్లిపోతుంది. "రాత్రికి లారీ వచ్చి, ఎత్తుకోని పోయేతలికి ఉడికిపోతాదమ్మా" అని పెద్దాయన తల పట్టుకున్నాడు. నిలవలేక మళ్లీ గేటు బయటికి పోయాను. వాన తగ్గిన రోడ్డు మీద టమాటా బుట్టలతో ట్రాలీ ఆటో ఒకటి దర్జాగా ఊళ్లోకి పోతోంది. లారీని రానివ్వరు, సరే. సరుకును ఎవరాపారు? ఇన్నేళ్లూ ఈ ముక్క నా బుర్రకు తట్టలేదే! దొరికిన ఆటోలన్నీ ఆపాను. తడి గోతాలు ముందు వేసి, ఊరు దాటించి, అవతల ఉన్న లారీలోకి ఎక్కించాం. పొద్దుండగానే లారీ కదిలింది.

ఆ తర్వాత నాకు అన్నం సహించలేదు. పదిహేను రోజులకు పెద్దాయన ఖాళీ గోతాలు తిరిగివ్వడానికి వచ్చాడు.

"మొలిచెనా?" ఆయన ఆటో దిగకముందే అడిగాను.

"మొలిచెనమ్మా. చేన్లో పల్లంగా ఉండే కిందిచెక్క ఒక్కటే పాయ."

ఇక దాచుకోలేకపోయాను. "ఆ తూము మూయించింది నేనే పెద్దాయనా. నీ విత్తనం నా వల్లే తడిసింది."

ఆయన గోతాలు మడత పెడుతూనే ఉన్నాడు. "తడి ఇత్తనం పైచెక్కలో ఏస్తి, బాగనే వచ్చె. కిందిచెక్క పోయింది నా వల్లనేలే. వాన రాకముందే గట్టుకుండే గండి పూడిస్తి, చుక్క గూడా బయటికి పోగూడదని. నీళ్లు నిలబడి మొలక కుళ్లిపాయ." ఆఖరి గోతం మడిచి అన్నాడు, "నీళ్లు ఇడిసిపెట్టేది మనకెవరు నేర్పినారమ్మా?"

ఆయన్ను కూర్చోమని చెప్పి, టీ తేవడానికి కదిలాను. పోతూ పోతూ వెనక్కి వెళ్లి, తూములో చెత్త అడ్డుపడిందేమో వంగి చూసొచ్చాను.