రుచి చూడని చేయి

మా పక్కింటి అప్ప పోయిందని శుక్రవారం ఉదయం తెలుక్ ఆన్సన్ పట్నం ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. మలయాలోని మా రబ్బరు తోటలో చాలామందికి ఆమె గుర్రం వండిన మనిషి. నాకు మాత్రం గరిటె పట్టడం నేర్పిన మనిషి.

ఆమె దొర బంగళాలో వంట చేసేది. శ్రీరామనవమికి తోట గుడిలో పులిహోర కూడా ఆమె చేతిమీదే జరిగేది. దేవుడికి పెట్టకముందు రుచి చూడకూడదు కదా, ఉప్పు గుప్పిట్లో తూచి వేసేది. "సేతికి తెలిసినంత నాలిక్కి తెల్దు సెల్లీ" అనేది.

ఒక ఏడు దొర గుర్రం కాలువలో పడి కాలు విరిగితే కాల్చేశారు. ఫ్యాక్టరీ యంత్రాలు చూసే మాల్టా దొర, తమ దీవిలో ఆ మాంసం పారెయ్యరని, వండమని అప్పకు పురమాయించాడు. వెల్లుల్లి, టమాటాలు, ఎర్ర ద్రాక్షసారా వేసి, సన్నని బొగ్గుల సెగ మీద సాయంత్రం దాకా ఉడకాలట. ఎవరికీ చెప్పకుండా వెనక గుమ్మంలో కూచుని ఆ వెల్లుల్లి ఒలిచింది నేనే. రోజూ ఆ గుర్రానికి బెల్లం పెట్టిన అప్ప, ముఖం తిప్పుకుని కలిపింది. ఉప్పు గుప్పిట్లోనే తూచింది. గరిటె ఒక్కసారి కూడా నోటిదాకా పోలేదు.

అచ్చం తన తల్లి వండినట్టే ఉందని ఆ దొర అందరికీ చెప్పాడు. ఆ మెప్పే ఆమెను ముంచింది. రుచి చూడకుండా అంత బాగా ఎలా కుదిరిందని గుడి దగ్గర ఆడవాళ్లు నిలదీశారు.

"ఒకసారి సకిలించు వదినా, ఇందాం" అంది ఒకామె. అందరూ నవ్వారు.

అప్ప నా పేరు ఎత్తలేదు. నా వైపు చూసింది, అంతే. "రాముడికి ఇన్నేళ్లూ ఎలాగొండినాను? రుచి సూసేనేటి?" అంది.

నేను నేల చూశాను. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నానని, ఆమె రుచి చూడలేదని చెబితే నాకూ గుడి దూరమవుతుంది. ఆమెను గుడిలోకి రావద్దన్నారు, ఆ పండుగకు గరిటె నా చేతికిచ్చారు.

తర్వాత ప్రతి ఏడూ ఆమె గుడి కంచె అవతల కూచునేది. నేనే ఆకులో ప్రసాదం తీసుకెళ్లేదాన్ని. కళ్లకద్దుకుని తినేది. "ఉప్పు పిసరంత తగ్గింది సెల్లీ" అనేది, మెల్లగా. అంతకుమించి ఏమీ అడగలేదు. ఈ ఏడైనా చెబుదామని ప్రతి ఏడూ అనుకున్నాను.

దేవుడు క్షమిస్తాడని రోజూ చదువుకుంటాను. కానీ నేను అడగవలసింది ఆయన్ని కాదు.

నిన్న ఆమె పదో రోజున ఆ ఇంటి పొయ్యి దగ్గర పులిహోర కలపబోయాను. ఉప్పు గుప్పిట్లోకి తీసుకుంటే, ఎంతో చేతికి తెలియలేదు. అలాగే నిలబడిపోయాను. చెమటకు ఉప్పు కరిగి, మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది.