గీతలు గీసే గ్లాసు

మా ఆయన రైల్వేలో కీమేన్. రోజూ పొద్దున్నే భుజాన సుత్తి, చేతిలో స్పానరు పట్టుకుని పట్టాల వెంట మైళ్లకు మైళ్లు నడిచేవారు. కిరండూల్ గనుల నుంచి కొండల ఘాటు మీదుగా ఇనుపరాయి దించే గూడ్సు బళ్లు పట్టాలను కుదిపి కుదిపి వదిలితే, వదులైన బిగింపులన్నీ ఈయన మళ్లీ కొట్టి బిగించాలి. ఏదీ కదలకూడదు, ఊగకూడదు. ఇంట్లో కూడా అదే వరస. కుర్చీ కాలు కొంచెం ఊగితే, దాని కింద అట్టముక్క మడిచి పెట్టేదాకా అన్నం ముట్టేవారు కాదు. ఆయన ఎదురుగా మంచం మీద కూర్చుని కాళ్లు ఊపుకునే భాగ్యం కూడా నాకు లేదు.

అలాంటి మనిషి ఇంట్లో ఒక వానాకాలం మా అమ్మాయికి మలేరియా మెదడుకెక్కింది. పదిహేను రోజులు ఆసుపత్రి బెంచీల మీదే మా కాపురం. పిల్ల దక్కింది, అంతే చాలనుకుని ఇంటికి తెచ్చుకున్నాం. తీరా చూస్తే కుడిచెయ్యి వణుకుతోంది. గ్లాసు ఎత్తితే నీళ్లు తొణికేవి, పెన్సిలు పడితే గీత ఎటో పోయేది. డాక్టరు నెమ్మదిగా తగ్గుతుందన్నాడు. కాకపోతే చేతిని వాడుతూ ఉండాలి, వాడకుండా దాచుకుంటే మొండికేస్తుంది అని కూడా అన్నాడు.

పిల్ల సరిగ్గా దాచుకోవడమే మొదలుపెట్టింది. అంతకుముందు క్వార్టరు గోడల నిండా రైలుబళ్లు గీసి నా చేత తిట్లు తిన్న పిల్ల, ఎవరైనా వస్తే ఆ చెయ్యి గౌను కిందకి తోసేసేది. దసరా సెలవులు అయిపోవస్తుంటే, ఇక బడికి పోనంటే పోనని కూర్చుంది. ఆయన రోజూ సాయంత్రం దాన్ని పలక ముందు కూర్చోబెట్టి, మణికట్టు గట్టిగా పట్టుకుని అక్షరాలు దిద్దించేవారు. అక్షరాలు చక్కగానే వచ్చేవి. అవి ఆయన అక్షరాలు. చెయ్యి వదలగానే పిల్ల చెయ్యి ఇంకా ఎక్కువ వణికేది. నేను ఆయన మీద విసుక్కునేదాన్ని, ఆయన నా మీద. ఇద్దరికీ లోపల భయమే.

బడి తెరవడానికి రెండు రోజుల ముందు, పేపర్లో పిల్లల పేజీలో ఒక బొమ్మ చూశాను. ప్లాస్టిక్ గ్లాసు బోర్లించి, మూడు స్కెచ్ పెన్నులు కాళ్లలాగా కట్టి, పైన చిన్న మోటారు పెడితే అది తనంతట తానే నడుస్తూ గీతలు గీస్తుందట. చేతికి ఏదో ఒక పని దొరుకుతుందని నా ఆశ. పక్క క్వార్టరులో ఉండే హిందీవాళ్ల అక్కాతమ్ముళ్లను కూడా పిలిచాను. పాడైన బొమ్మకారు మోటారు, టీవీ రిమోటులో సెల్లులు, భోజనాల్లో మిగిలిన గ్లాసు పోగేశాం. మోటారు ఇరుసుకి రబ్బరుముక్క ఒక పక్కకి గుచ్చి, దానికి కొంచెం బరువు కట్టాలని పేపర్లో ఉంది. ఆ తమ్ముడు పట్టాల పక్క నుంచి చింతగింజంత ఇనుపరాయి ఏరుకొచ్చాడు. దారంతో కట్టి సెల్లులు తగిలిస్తే గ్లాసు పూనకం వచ్చినట్టు ఊగిపోయింది. మా అమ్మాయి మాత్రం మూల కూర్చుని చూస్తోంది, చెయ్యి గౌను కిందే ఉంది.

సరిగ్గా అప్పుడే ఆయన డ్యూటీ దిగి వచ్చారు.

"ఇదేటి ఇలగూగిపోతంది? ఎవులు కట్టినారు?" అన్నారు.

బూట్లు కూడా విప్పకుండా కూర్చుని రబ్బరుముక్కను ఇరుసు మీద సరిగ్గా మధ్యకి జరిపారు. రాయికి ఎదురుగా అంతే బరువున్న ఇంకో రాయి వెతికి తెచ్చి కట్టారు. పెన్నులకు నల్లటేపు చుట్టి చుట్టి బిగించారు. పాత క్యాలెండరు కాగితం తిరగేసి, దాని మీద నిలబెట్టి సెల్లులు తగిలించారు. మోటారు హాయిగా పాడింది. గ్లాసు మాత్రం అంగుళం కదల్లేదు. కాగితం మీద మూడు చుక్కలు పడ్డాయంతే. ఇప్పుడు చూడండి, ఎంత నికరంగా ఉందో అని ఆయన మురిసిపోయారు. మరి నడవదేం అని పక్కింటి పిల్ల హిందీలో అడిగింది. సెల్లులు అయిపోయాయేమోనని ఆయనకి అనుమానం, నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనుమానం.

మూల నుంచి మా అమ్మాయి గొంతు వినిపించింది.

"నువ్వు బిగించీసినావు నాన్నా. ఒగ్గీ, ఒదులుగా ఉండనీ. అది వణికితేనే గీస్తాది."

అని, లేచి వచ్చి గ్లాసు తీసుకుంది. కుడిచేత్తోనే. రెండో రాయి దారం ముడి విప్పడానికి దాని వేళ్లకు ఎంతసేపు పట్టిందో నాకే తెలుసు. సాయం చెయ్యబోయి ఆయన చెయ్యి ముందుకు వచ్చింది. నేను కళ్లెర్రజేశాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడ కింద పెట్టుకుని కూర్చున్నారు.

రాయి ఊడింది. టేపు వదులైంది, రబ్బరు పక్కకి జరిగింది. గ్లాసు గిరగిరా తిరుగుతూ ఎరుపు, నీలం, పచ్చ సున్నాలు చుట్టుకుంటూ కాగితం దాటి నేల మీదకి పోయింది. పిల్లలు దాని వెంటపడ్డారు. ఆసుపత్రి నుంచి వచ్చాక మా అమ్మాయి నవ్వడం అదే మొదలు. ఆ నవ్వులోనే గ్లాసుకు కట్టిన ఒక పెన్ను ఊడదీసి, ఆ చేత్తోనే సున్నాల పక్కన ఇంజను గీసింది. వెనక బోగీలు. చక్రాలు ఒక్కటీ గుండ్రంగా లేవు, పట్టాలు పాముల్లా పోయాయి. రైలు ఎందుకు ఊగుతోందని పక్కింటి పిల్ల అడిగితే, లోడుతో ఘాటు దిగుతోంది కదా అని మా అమ్మాయి హిందీలోనే జవాబిచ్చింది. నా గుండెల మీద నుంచి ఆ లోడుబండే దిగిపోయింది. గబగబా వంటింట్లోకి వెళ్లి కాసేపు ఏడ్చాను.

సోమవారం బడికి వెళ్లింది. సాయంత్రం గుమ్మంలోనే అడిగాను, రాశావా అని.

"రాసినాను. వంకరగా వచ్చినాది. ఆకలేస్తంది" అంది.

అటుకులు పెట్టాను. తినేసి, హోంవర్కు ముందేసుకుని నేల మీద కూర్చుంది. ఆయన వచ్చి ఎదురుగా చతికిలపడ్డారు. అది రెండు పేజీలు రాసేదాకా అక్కడే ఉన్నారు, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని.