పసుపు గుడ్డ పరీక్ష

డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఏమేం కలిపారో చదివే ఓపిక నాకు ఎప్పుడూ లేదు. తొంభైల్లో కరీంనగర్ దుకాణాల్లోకి ముఖం కడుక్కునే సబ్బులు, ట్యూబులు రకరకాలుగా వచ్చిపడ్డాయి. మెత్తనిదని, పసిపిల్లలకైనా వాడొచ్చని ప్రతి డబ్బా మీదా రాసి ఉండేది. నేను వాటిని ఇంటికి తెచ్చి పసుపు గుడ్డ మీద రుద్దేదాన్ని. గుడ్డ ఎర్రబడితే ఆ సబ్బు బట్టలుతకడానికి పోయేది. నా పిల్లలు చూసి నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. ఆ పరీక్ష నేను నేర్చుకున్న రోజు మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు మరి.

అది అవ్వ పుట్టింటి విద్య. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. వాళ్లు పసుపు పండించేవాళ్లు. పసుపు ఉడకబెట్టి ఆరబోసే రోజుల్లో ఆడవాళ్ల చేతులు ఎప్పుడు చూసినా పచ్చగానే ఉండేవట. బట్టల సబ్బుతో కడిగితే ఎర్రబడి, పగిలి మండేవి. శనగపిండితో కడిగితే రంగూ మారేది కాదు, మంటా ఉండేది కాదు. పసుపును ఏది ఎంత ఎర్రగా చేస్తే అది తోలును అంత కొరుకుతుందని వాళ్ల నమ్మకం. మా ఇంట్లో పండేది జొన్న, పత్తి. బాపుకు తెలిసిన పసుపు కూరలో వేసేది ఒక్కటే. తన ధోతి తాను ఒక్కనాడూ పిండుకున్న మనిషి కాదు.

నాకు పదిహేనేళ్లప్పుడు అక్క లక్సెట్టిపేట అత్తగారింటి నుంచి మూడోసారి వచ్చింది. మొదటి రెండుసార్లూ వారం తిరక్కముందే బాపు ఆమెను బస్సెక్కించి పంపాడు. మొగుడూ పెళ్లాం అన్నాక సవాలక్ష ఉంటాయన్నాడు. పెళ్లి చేసిన బిడ్డ ఇంట్లో కూర్చుంటే ఊళ్లో తలెత్తుకోలేనన్నాడు. అక్క కొంగు ముఖం మీదికి లాక్కుని తల వంచుకుని నిలబడేది. బాపు ఆమె వైపు చూడకుండా గోడతో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. ఈసారీ అంతే. పొద్దటి బస్సుకు తయారుగా ఉండమని చెప్పి చేనికి పోయాడు.

అతను పోయాక అవ్వ కొంగు తొలగించింది. బావ బెల్టు బకిలుతో కొట్టాడు. ఎడమ చెంప మీద తోలు లేచిపోయింది. పెదవి చీలింది. కన్ను పూడుకుపోయింది. బస్టాండులో నలుగురూ చూస్తారని, బయల్దేరేముందు అక్క అత్త ఆమె మెడ వంచి, బట్టలుతికే బండ దగ్గర అదే బట్టల సబ్బుతో ఆ ముఖాన్ని రుద్ది రుద్ది కడిగింది. ఆ మంటకు చీరలోనే ఉచ్చ పోసుకున్నానని అక్క మెల్లగా చెప్పింది. నాకు వాళ్లిద్దరినీ చంపాలనిపించింది. మాటవరసకు అనడం లేదు, నిజంగానే అనిపించింది.

దుమ్మూ, ఎండిన నెత్తురూ కడుగుదామని అవ్వ సబ్బు తీయగానే అక్క జరిగి జరిగి గోడకు అతుక్కుపోయింది. "సబ్బు వద్దే అవ్వా" అంది.

అవ్వ సబ్బు పక్కన పెట్టింది. పాత చీర ముక్కలు ముక్కలుగా చింపి పసుపు నీళ్లలో ముంచింది. ఒక్కో గుడ్డ మీద ఒక్కోటి రుద్దింది. బట్టల సబ్బుకు గుడ్డ అప్పటికప్పుడు నెత్తుటి రంగుకు తిరిగింది. ఒంటికి రాసుకునే వాసన సబ్బు కూడా తక్కువేం తినలేదు. పక్కింటి బాలింతను అడిగి నేను తెచ్చిన పసిపిల్లల సబ్బు కాస్త ఆలస్యం చేసింది గాని, అదీ ఎర్రగానే తేలింది. నమ్మలేనట్టు అవ్వ ఆ సబ్బుల్నే మళ్లీ మళ్లీ కొత్త గుడ్డల మీద రుద్దింది. కుంకుడు రసానికి గుడ్డ పచ్చగానే ఉంది, కానీ కంట్లో పడితే అక్క తట్టుకోలేదు. శనగపిండి పలుకుగా ఉంది, పుండుకు గీసుకుంటుంది. చివరికి పెసరపిండిని పల్చని గుడ్డలో జల్లించి, పాల మీగడలో కలిపి, పుండు చుట్టూ వేలితో అద్దింది. అక్క పళ్లు కరుచుకుని కూర్చుంది గాని అరవలేదు.

ఎప్పుడూ పెరట్లో గుడ్డలు ఆరేసే అవ్వ ఆ రోజు ఎర్రవాటిని మాత్రం ఏరి వాకిట్లో దండెం మీద వేసింది. మధ్యాహ్నం బాపు వచ్చేసరికి అవి ఆరి, ముదిరిన నెత్తుటి రంగులో వేలాడుతున్నాయి. అతను పార దించి అక్కడే నిలబడిపోయాడు.

"గివన్ని దాని నెత్తురేనా?" అని అడిగాడు.

"గవన్ని దాని మొఖం కోసం తడిపిన గుడ్డలే" అంది అవ్వ.

బాపు చెర్నకోల తీసుకుని లక్సెట్టిపేట బస్సెక్కాడు. నేనూ ఎక్కాను. దిగమనలేదు. గోదావరి దాటేదాకా ఆ కొరడాను చేతికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చున్నాడు.

బావ అరుగు మీద కూర్చుని చాయ తాగుతున్నాడు. బాపు ఒక్క మాటైనా అనకుండా ముఖం మీదే కొట్టాడు. కప్పు ఎగిరి పడింది. బావ లోపలికి పాకుతుంటే కాలు పట్టి వీధిలోకి ఈడ్చుకొచ్చి కొట్టాడు. కొరడా తెగాక పిడికిళ్లతో గుద్దాడు. పన్ను ఊడి మట్టిలో పడింది. చుట్టూ చేరినవాళ్లు ఎవరూ అడ్డం రాలేదు. నేను పెరట్లోకి ఉరికాను. బండ మీద ఆ సబ్బు ఉంది. అత్త కేకలు వేస్తూ ఎదురొస్తే జుట్టు పట్టి వంచి, కళ్లల్లో, నోట్లో, ముక్కులో ఆ సబ్బు అరిగేలా రుద్దాను. ఆమె నా చెయ్యి కొరికింది. ఆ గుర్తు ఇప్పటికీ ఉంది. ముసలిదాన్ని అట్లా చేశానని నేను ఒక్కరోజూ బాధపడలేదు.

పొద్దు గూకేవేళకు ఇల్లు చేరాం. కొరడా ఒరుసుకుని బాపు కుడి అరచెయ్యి చిట్లింది. అవ్వ నీళ్లు పోసింది. అతను మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, అందిన గుడ్డ అందుకున్నాడు. అది పరీక్షకు తడిపి మిగిలిన పచ్చ గుడ్డ. గాయం లేని ఎడమ చెయ్యి తుడిస్తే గుడ్డ ఎర్రబడింది. బాపు చేతిని తిప్పి చూసుకున్నాడు. సబ్బు తీసి గుడ్డ ఇంకో కొస మీద రుద్దాడు. అదీ ఎర్రబడింది. అప్పుడు దండెం వైపు చూశాడు.

అవ్వ ఎత్తు బయటపడింది. ఇక పొద్దటి బస్సుకు అక్కను పంపేస్తాడనుకున్నాను.

"గిది నెత్తురు గాదా?" అన్నాడు.

"నెత్తురు దాని మొఖం మీద ఉండె" అంది అవ్వ. "మూడుసార్లొచ్చింది. నువ్వు ఒక్కసారన్న సూసినవా?"

బాపు గుడ్డ కింద పెట్టి అక్క పడుకున్న మంచం దగ్గరికి పోయాడు. కొంగు తీయడానికి చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. అక్కే తీసింది. అతను ఆ చెంపను, ఆ కంటిని చాలాసేపు చూశాడు. మంచం పట్టె పట్టుకుని కింద కూలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు వింటుంటే నాకు జాలి కలగలేదు. ఇన్నాళ్లా పట్టింది నీకు, అని కోపమే వచ్చింది.

మరునాడు పొద్దటి బస్సు మా ఇంటి ముందు ఆగి హారన్ కొట్టింది. వాకిట్లో కూర్చున్న బాపు దాన్ని పొమ్మని చెయ్యి ఊపాడు.